నయీంనగర్‌లో ఒక మహిళా హాస్టల్: సహర్ పొయ్యి, శివరాత్రి గేటు

హనుమకొండ నయీంనగర్‌లో, కరీంనగర్ రోడ్డుకు కొద్దిగా లోపల ఉన్న ఒక మహిళా హాస్టల్‌లో నేను 2025 జనవరి మొదటి వారం నుంచి మే నెలాఖరు వరకు ఉన్నాను. మాది పరకాల వైపు ఒక పల్లె. తెలుగు మీడియంలో డిగ్రీ పూర్తి చేసి, గ్రూప్స్‌కు చదువుకోవడానికి వచ్చిన ముస్లిం అమ్మాయిని. హాస్టళ్ల గురించి రాసేవారు గది ఎంత ఉంది, నీళ్లు వస్తాయా, కూరలో నూనె ఎక్కువా అన్నవి రాస్తారు. నేనూ రాస్తాను. అయితే నాలాంటి వాళ్లు హాస్టల్ వెతుక్కునేటప్పుడు వీటన్నిటికంటే ముందు తెలుసుకోవాలనుకునే సంగతి ఒకటి ఉంటుంది: నా రోజా (రంజాన్ ఒక్కపొద్దు), నా నమాజు, నా తల మీది బట్ట ఆ ఇంట్లో ఇముడుతాయా, లేక పూటపూటకూ ఎవరినో బతిమాలుకోవాలా అన్నది. దాని గురించి రాసినవారు నాకు కనబడలేదు. అందుకే ఎక్కువగా దాని గురించే రాస్తున్నాను. యజమానురాలు పేరు వేయవద్దన్నారు కాబట్టి హాస్టల్ పేరు చెప్పడం లేదు.

ముందుగా, నేనున్నప్పటి మామూలు వివరాలు. మూడంతస్తుల ఇల్లు, నలభై మంది వరకు అమ్మాయిలు. ముగ్గురుండే గదికి మనిషికి నెలకు 5,000 రూపాయలు, ఇద్దరుండే గదికి 6,500. పొద్దున టిఫిను, రెండు పూటల భోజనం అందులోనే. అడ్వాన్సు 2,000 కట్టాను. ఖాళీ చేసేటప్పుడు సున్నం ఖర్చుకని 500 పట్టుకుని మిగతాది అదే రోజు చేతిలో పెట్టారు. మంచం ఇస్తారు, పరుపు మనమే తెచ్చుకోవాలి. బోరు నీళ్లకు ఐదు నెలల్లో ఏనాడూ ఇబ్బంది రాలేదు. ఏప్రిల్, మే నెలల్లో పై అంతస్తు గదులు విపరీతంగా కాగుతాయి. కూలర్ పెట్టుకుంటే కరెంటుకు నెలకు 400 అదనం. పప్పు, పచ్చిపులుసు బాగుంటాయి, సాంబారు పలుచన. చదువుకోవడానికి కింద ఇరవై కుర్చీల హాలు ఉంది, రాత్రి ఒంటిగంట వరకు తెరిచి ఉంచుతారు. ఆ డబ్బుకు ఈ వసతి న్యాయమే.

ఇక అసలు విషయం. ఇక్కడికి రాకముందు నేను ఫోన్‌లో మాట్లాడిన హాస్టళ్లలో మూడు చోట్ల ఒకే తీరు జరిగింది. ‘రూములున్నయమ్మా, సాయంత్రం వచ్చి చూస్కోండి’ అన్న గొంతు, నా పేరు చెప్పగానే కాసేపు ఆగి, ‘మా సార్‌ను అడిగి రేపు చెప్త’ అనేది. ఆ రేపు రాలేదు. కాదని ఎవరూ అనలేదు కాబట్టి తిరిగి అడగడానికీ, నిలదీయడానికీ ఏమీ మిగలలేదు. మా నాన్న పక్కనే కూర్చుని వింటున్నారు. మూడో ఫోను తర్వాత ఆయన, ‘బుర్ఖా సంగతి ముందే చెప్పకు బేటా’ అన్నారు. చిన్నప్పటి నుంచి ఎవరికీ తలవంచకుండా బతికిన మనిషి ఆ మాట అన్నందుకు నాకు కలిగిన బాధ, గది దొరకనందుకు కలిగిన బాధకంటే ఎక్కువ.

ఈ హాస్టల్‌లో చేరేటప్పుడు ఇచ్చిన ఫారంలో ఊరు, తండ్రి ఫోన్ నంబరు, రక్తం గ్రూపు తర్వాత పెన్నుతో గీసి కలిపిన ఒక గడి ఉంది. ‘తిండిలో, ఒక్కపొద్దులలో పట్టింపులు ఏమైనా ఉంటే రాయగలరు’ అని అందులో ఉంది. ఆ గడి నా కోసం పెట్టింది కాదు. నాకంటే ముందు చేరిన ఒక అమ్మాయి ‘సోమవారం, శనివారం నీచు ముట్టను, మాంసం కలిపిన గరిటె పప్పులో పెట్టవద్దు’ అని రాసింది. ఇంకొకామె ‘ఉల్లి, వెల్లుల్లి తినను’ అని రాసింది. నేను ‘హలాల్ మాంసమే తింటాను, రంజాన్ నెలంతా ఒక్కపొద్దు, ఐదు పూటల నమాజు’ అని రాశాను. ఆంటీ (హాస్టల్‌లో అందరం ఆమెను అలాగే పిలిచేవాళ్లం) కళ్లద్దాలు పెట్టుకుని చదివి, ‘ఈసారి రంజాన్ ఎప్పుడొస్తది బిడ్డా?’ అని అడిగారు. మార్చిలో అన్నాను. ఆమె గోడ మీది క్యాలెండరులో మార్చి పేజీ ఎత్తి, ఒకటో తారీఖు పక్కన పెన్నుతో గుర్తు పెట్టుకున్నారు. జనవరి నెలలో, నేను ఒక్క మాట కూడా అడగకముందు జరిగిన పని ఇది.

ఈ చిన్న పని నాకెందుకంత పెద్దగా కనబడిందో అర్థం కావాలంటే, అంతకుముందు ఏడాది ఇదే నగరంలో నేనున్న మరో హాస్టల్ సంగతి చెప్పాలి. 2024లో శివరాత్రి మార్చి 8న వచ్చింది. రాత్రి తొమ్మిదింటికి గేటు మూసే ఆ హాస్టల్, ఆ రోజు అమ్మాయిలు వేయి స్తంభాల గుడికి వెళ్లి దర్శనం చేసుకుని జాగారానికి కూర్చుంటారని పన్నెండు దాకా గేటు తెరిచింది. ఒక్కపొద్దు ఉన్నవాళ్లకు పండ్లు, సాబుదాన కిచిడి చేసింది. మంచి పని, నేనూ సంతోషించాను. సరిగ్గా నాలుగు రోజుల తర్వాత, మార్చి 12న మా మొదటి రోజా. తెల్లవారుజామున నాలుగింటికి వంటగది తలుపు తీయమని ముందు రోజు మేం ముగ్గురం అడిగితే, ‘ఇక్కడ అందరికీ ఒకటే రూలు, ఒకరికి ఒక తీరు ఇంకొకరికి ఇంకో తీరు చేయలేం’ అన్నారు. ఆ నెలంతా బ్రెడ్డు, అరటిపళ్లు, నీళ్లతోనే సహర్ (రోజా మొదలయ్యే ముందు, తెల్లవారకముందే తినే తిండి) చేశాం. అన్నవారికి మా మీద ద్వేషం ఉందని నేననుకోను. శివరాత్రికి గేటు తెరవడం వారికి మినహాయింపుగానే తోచలేదు, అది మామూలు సంగతి. రంజాన్‌కు తలుపు తీయడం మాత్రం ప్రత్యేకంగా చూడడమైంది. అందరికీ ఒకటే అనుకున్న ఆ రూలు లోపల ఒకరి పంచాంగం ముందే ఇమిడిపోయి ఉందని వారికి కనబడలేదు.

గ్రూప్స్‌కు పాలిటీ చదివేవాళ్లకు రాజ్యాంగంలోని 25వ అధికరణ నోటికి వచ్చు: శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యం అన్న పరిమితులకు లోబడి, ప్రతి ఒక్కరికీ అంతరాత్మ స్వేచ్ఛ, మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసే స్వేచ్ఛ. ‘లౌకిక’ అన్న మాట ప్రవేశికలో 1976లో 42వ సవరణతో చేరినా, ఈ అధికరణ మొదటి నుంచీ ఉంది. దాని కింది వివరణలో సిక్కులు కృపాణం ధరించడం కూడా మత స్వేచ్ఛలో భాగమేనని రాజ్యాంగమే చెప్పింది. తలపాగా ధరించిన సిక్కులకు హెల్మెట్ నుంచి మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను మినహాయింపు ఇచ్చింది. అంటే మన లౌకికత మతాన్ని వీధి నుంచి తుడిచేసే లౌకికత కాదు. ఫ్రాన్సు మరో దారి పట్టింది. అక్కడ 2004 నాటి చట్టం ప్రభుత్వ పాఠశాలల్లో మతాన్ని ప్రస్ఫుటంగా చూపే చిహ్నాలను విద్యార్థులకు నిషేధించింది. హిజాబ్‌తోపాటు యూదుల టోపీ, సిక్కుల తలపాగా కూడా దాని కిందికి వస్తాయి. 2023లో అబాయాను (ముస్లిం స్త్రీలు వేసుకునే పొడవాటి వదులు గౌను) కూడా బడుల్లోకి రానివ్వబోమన్నారు. బడి అందరిదీ కావాలంటే అందులో ఎవరి గుర్తూ కనబడకూడదన్నది వారి వాదన. ఆ వాదనకు వారి చరిత్రలో కారణాలున్నాయి, చర్చి పెత్తనంతో పోరాడి 1905లో రాజ్యాన్ని, మతాన్ని చట్టంతో వేరుచేసిన దేశం అది. అయినా గుర్తులన్నీ తీసేయమన్నప్పుడు, తీయడానికి ఒంటి మీద ఏమీ లేనివారికి అది సులువైన నియమమని, తీయవలసినవారికే బరువని నాకు అనిపిస్తుంది.

మన దగ్గరా వివాదం తీరలేదు. కర్ణాటక కళాశాలల్లో హిజాబ్ విషయం మీద 2022 మార్చి 15న హైకోర్టు, హిజాబ్‌కు వీలివ్వని ప్రభుత్వ ఉత్తర్వును సమర్థించింది. అదే ఏడాది అక్టోబరు 13న సుప్రీంకోర్టులో జస్టిస్ హేమంత్ గుప్తా ఒక రకంగా, జస్టిస్ సుధాంశు ధూలియా మరో రకంగా తీర్పు చెప్పారు. నేను ఎక్కువసార్లు చదువుకునేది మాత్రం అంతకుముందు 1986లో వచ్చిన తీర్పు. కేరళలో జెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖకు చెందిన ముగ్గురు పిల్లలు జాతీయ గీతం వేళ గౌరవంగా నిలబడ్డారు కానీ, తమ విశ్వాసం ఒప్పుకోదని పాడలేదు. బడి వారిని బయటికి పంపింది. ఆ పంపడం చెల్లదని తీర్పు రాసినవారు తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. మన సంప్రదాయం సహనాన్ని నేర్పుతుందని, మన తత్వం సహనాన్ని బోధిస్తుందని, మన రాజ్యాంగం దాన్ని ఆచరిస్తుందని, దాన్ని పలుచన చేయవద్దని ఆయన చివర్లో రాశారు. దేశమంతటిలో గుప్పెడుమంది ఉండే విశ్వాసం అది. సంఖ్య చూసి ఇచ్చే స్వేచ్ఛ కాదని నాకు ఆ తీర్పుతోనే అర్థమైంది.

అయితే ఈ అధికరణలు, తీర్పులు ముఖ్యంగా నాకూ ప్రభుత్వానికీ మధ్య ఉన్నవి. తెల్లవారుజామున నాలుగింటికి ప్రైవేటు హాస్టల్ వంటగది తలుపు తీయించడానికి ఎవరూ కోర్టుకు వెళ్లరు. చట్టం ఆగిపోయిన చోటు నుంచి ఒక ఇంటి యజమానురాలి తెలివి, మంచితనం పని మొదలుపెట్టాలి. ఈ హాస్టల్‌లో నేను చూసింది అదే, దాని బలమూ చూశాను, బలహీనతా చూశాను.

2025లో మొదటి రోజా మార్చి 2, ఆదివారం. రోజాలుండేవాళ్లం ఆరుగురం. మార్చి మొదట్లో సహర్ గడువు ఐదుంపావు దాటేది, నెలాఖరుకు ఐదు లోపుకు వచ్చింది. వంట చేసే అక్క ఉదయం ఆరింటికి గానీ రాదు, ఆమెను నాలుగింటికి రమ్మనడం అన్యాయం. ఆంటీ చేసిన ఏర్పాటు ఇది: రాత్రి వంట దించేటప్పుడే మా ఆరుగురి అన్నం, పప్పు, ఉడికించిన గుడ్లు పెద్ద హాట్‌బాక్స్‌లో సర్దించేవారు. రొట్టెల పిండి కలిపి తడిబట్ట కప్పి పెట్టించేవారు. వంటగది తాళంచెవి మెట్ల కింద స్విచ్‌బోర్డు పక్కన మేకుకు తగిలించేవారు. మేం ఇద్దరిద్దరం వంతులు వేసుకుని, మూడున్నరకు లేచి రొట్టెలు కాల్చి, గిన్నెలు కడిగి, గ్యాసు కట్టేసి, తాళం వేసి చెవి మళ్లీ అదే మేకుకు తగిలించాలి. దీనికి అదనంగా డబ్బు తీసుకోలేదు. మేం టిఫిను, మధ్యాహ్నం అన్నం తినడం లేదని తగ్గించనూ లేదు. ఖర్జూరాలు, పండ్లు మావే. ఇఫ్తార్‌కు కొద్దిగా గుగ్గిళ్లు, నిమ్మకాయ షర్బత్ హాస్టల్ నుంచి వచ్చేవి. ఆరుగురి కోసం ఆ ఇంటికి అయిన శ్రమ ఇంతే: ఒక హాట్‌బాక్స్, ఒక మేకు.

మా గదుల్లో సర్కారు ఆఫీసులో కాంట్రాక్టు మీద పనిచేసే ఒక అక్క ఉండేది. ముస్లిం ఉద్యోగులు, టీచర్లు, కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సిబ్బంది రంజాన్ నెలలో సాయంత్రం నాలుగింటికే వెళ్లవచ్చని రాష్ట్ర ప్రభుత్వం ఆ ఏడాది కూడా ఉత్తర్వు ఇచ్చింది, మార్చి 2 నుంచి 31 వరకు. ఆమె నాలుగున్నరకు వచ్చి నిమ్మకాయలు కోస్తూ కూర్చునేది. ఆ గంటసేపు ఆఫీసు పని ఆగిపోయిందని ఎవరూ అనలేదట, పొద్దున కాస్త ముందే వెళ్లి పూర్తి చేసుకునేది.

ఇబ్బందులు రాలేదని కాదు. ముగ్గురుండే గదిలో ఒకరికి మూడున్నరకు అలారం మోగితే, రాత్రి ఒంటిగంట దాకా చదివి పడుకున్న మిగతా ఇద్దరికీ నిద్ర పాడవుతుంది. ఇంటర్ పరీక్షలు మార్చి 5న మొదలయ్యాయి, కింది గదిలో రెండో సంవత్సరం పిల్ల ఒకతె ఉండేది. నాలుగో రోజున ఆమె వచ్చి, కోపంగా కాదు, ఏడుపు గొంతుతో, ‘అక్కా, నాకు పొద్దున పరీక్ష’ అంది. ఆ పిల్ల బాధ నిజమైనది. ఆంటీ మా అందరినీ కూర్చోబెట్టి, ఈ నెల వరకు రోజాలుండే ఆరుగురూ రెండో అంతస్తులో రెండు గదుల్లోకి మారతారా అని అడిగారు. నలుగురు సరేనన్నారు. నేను, ఇంకొకామె ఒప్పుకోలేదు. గది మారడం పెద్ద పని కాదు. కానీ ‘వాళ్ల గదులు’ అన్న మాట ఒకసారి పుడితే రంజాన్ తర్వాత కూడా ఆ మాట పోదని నా భయం. ఆంటీ ఆ మాట విని కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ‘మీకిష్టమైతెనే మారుండ్రి, నేను మార్చను’ అన్నారు. మేమిద్దరం ఫోన్లు శబ్దం లేకుండా వణికేలా పెట్టి దిండు కింద పెట్టుకున్నాం. చెప్పులు గది బయటే విడిచి, వట్టి కాళ్లతో మెట్లు దిగేవాళ్లం. ఆ తర్వాత ఆ పిల్లకు నిద్ర చెడలేదు. సర్దుకుపొమ్మని ఎప్పుడూ ఒకరికే చెప్పే ఇళ్లు చాలా చూశాను, ఇక్కడ ఇరువైపులా అడిగి, ఇరువైపులా కొంచెం కదిలించారు.

నమాజుకు ప్రత్యేకమైన గది లేదు, ఉండాలని నేను కోరనూ లేదు. చదువుకునే హాలులో పడమటి గోడ వైపు రెండు కుర్చీలు జరిపితే జానిమాజ్ (నమాజు చేసుకునే చాప) పరచుకునేంత చోటు వస్తుంది. వుజూ (నమాజుకు ముందు ముఖం, చేతులు, కాళ్లు కడుక్కోవడం) బయటి నల్లా దగ్గరే చేసుకుని, కాళ్లు తుడుచుకుని రావాలని, హాలు తడి చేయవద్దని చెప్పారు. పది నిమిషాల్లో లేవడం, గొంతు పైకి రాకుండా చదవడం మా వైపు నుంచి మేం పెట్టుకున్న కట్టుబాటు. మొదటి వారం కొందరు అమ్మాయిలు మా ముందు నుంచి నడవాలా వద్దా అని తటపటాయించారు. తర్వాత వాళ్లే వెనక నుంచి తిరిగి వెళ్లడం అలవాటు చేసుకున్నారు. రంజాన్‌లో మాకు పవిత్రమైన ఇరవై ఏడో రాత్రి మేలుకుని ఉంటామంటే, ఒంటిగంటకు ఆర్పే లైట్లను తెల్లారే దాకా వెలగనిచ్చారు. ఫిబ్రవరి 26న శివరాత్రికి పన్నెండు దాకా గేటు తెరిచి, వేయి స్తంభాల గుడికి వెళ్లిన పిల్లలను తానే తీసుకెళ్లి తీసుకొచ్చింది కూడా ఈ ఆంటీయే.

కొన్నిటికి కాదన్నారు, అందులో తప్పు లేదు. ఒక రోజు ఇఫ్తార్‌కు మా పెద్దమ్మ కొడుకులను డాబా మీదికి పిలుస్తానంటే, మగవాళ్లు మెట్లు ఎక్కకూడదన్న నియమం ఎవరికోసమూ మారదన్నారు. బయటి నుంచి ఏ మాంసమూ తెచ్చి ఆ వంటగదిలో వండకూడదన్నారు. వెల్లుల్లి కూడా ముట్టనివారు అదే పొయ్యి మీది అన్నం తింటున్నప్పుడు అది సబబైన నియమమే. ఆదివారం చికెన్ గురించి అడిగితే, తాను తెచ్చే దుకాణంలో ఎవరు కోస్తారో ఆంటీకి తెలియదు. మరుసటి వారం వెళ్లి అడిగి వచ్చి, ‘అక్కడ కోసేటాయన మీవాళ్లే, బిస్మిల్లా అనే కోస్తడట’ అని చెప్పారు. మా ఊళ్లోనూ పెళ్లికి మేకను కోయాలంటే ముల్లాను పిలవడం హిందువుల ఇళ్లల్లో మామూలే కాబట్టి, అది ఎవరికీ వింతగా తోచలేదు.

రిజిస్టరులో అతికించే ఫొటోలో ముఖం స్పష్టంగా కనబడాలన్నారు, తల మీది బట్ట తీయమనలేదు. నిఖాబ్ (ముఖం కప్పే బట్ట) వేసుకునే ఒక చెల్లె ఆంటీ గదిలో తలుపు వేసుకుని ఆమె ఫోనుతోనే ఫొటో తీయించుకుంది. పోలీసులు అడిగితే చూపవలసిన రిజిస్టరు అది, ఆ అవసరానికి ముఖం చాలు. మెడికల్ ప్రవేశ పరీక్షకు కూడా సంప్రదాయ దుస్తుల్లో వచ్చేవారిని ముందుగా రమ్మని, తనిఖీ చేసి లోపలికి పంపే పద్ధతి ఉంది. నిజమైన అవసరం ఏమిటో చూసి, అంతవరకే అడిగితే గొడవకు తావుండదు. అమెరికాలో ఒక బట్టల కంపెనీ తలకు బట్ట కట్టుకున్న ముస్లిం అమ్మాయికి ఉద్యోగం నిరాకరిస్తే, ఆమె నోరు తెరిచి మినహాయింపు అడగలేదన్న సాకు చెల్లదని 2015లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో ఆదివారం పని చేయలేనన్న ఒక క్రైస్తవ తపాలా ఉద్యోగి కేసులో, మతాచారానికి వీలు కల్పించడం కష్టమని సంస్థ అనాలంటే చెప్పుకోదగ్గ నష్టం చూపాలని, ఏదో కొద్ది ఖర్చు చాలదని తేల్చింది. ఆ తీర్పు చదివినప్పుడు నాకు మెట్ల కింది మేకే గుర్తుకు వచ్చింది.

ఇప్పుడు లోపం గురించి. మార్చి మూడో వారంలో ఆంటీ కూతురి కాన్పుకని పది రోజులు ఊరికి వెళ్లారు. హాస్టల్ చూసుకోమని దగ్గరి బంధువు ఒకామెను ఉంచారు. ఆమెకు ఈ ఏర్పాటు గురించి చెప్పారో, చెప్పినా ఆమె పట్టించుకోలేదో, రెండో రాత్రే వంటగదికి తాళం వేసి చెవి తనతో తీసుకుని పడుకున్నారు. మూడున్నరకు దిగి చూస్తే మేకు ఖాళీగా ఉంది. ఆమె గది తలుపు తట్టడానికి మాకు ధైర్యం చాలలేదు, తట్టితే రేపు ఏమంటారో అన్న జంకు. నలుగురం ఖర్జూరాలు, నీళ్లతోనే నియ్యత్ (రోజా ఉంటామన్న సంకల్పం) చేసుకున్నాం. మిగతా ఇద్దరు ఆ పూట లేవనే లేదు. పొద్దున అడిగితే, ‘నాకెవరు చెప్పిండ్రు? ఇండ్ల రాసుందా ఏడనన్న?’ అన్నారు. ఆ మాట కఠినంగా ఉన్నా సరైన ప్రశ్న. ఎక్కడా రాసి లేదు. భోజనం వేళలు, గేటు వేళలు, బట్టలు ఆరేసే చోటు అన్నీ అచ్చు వేసి గోడకు అంటించిన కాగితంలో సహర్ లేదు. శివరాత్రి గేటూ లేదు, కానీ అది రాయకపోయినా అందరికీ తెలుసు. మాది తెలియాలంటే రాయాలి. ఆంటీ ఫోనులో చెప్పాక తాళంచెవి మళ్లీ మేకుకు వచ్చింది, కానీ ఆ ఒక్క పూటతో నాకు ఒక సంగతి తెలిసింది: అప్పటిదాకా నేను హక్కు అనుకున్నది ఒక మనిషి మంచితనం. ఆ మనిషి ఊరికి వెళ్తే అదీ వెళ్లిపోతుంది.

ఇంకో చిన్న లోపం: మార్చి చివర ఎండలు ముదిరాక, రాత్రి హాట్‌బాక్స్‌లో పెట్టిన పప్పు రెండుసార్లు పులిసింది. పప్పు బదులు పొడి కూర పెట్టించితే సరిపోయేది. చెప్పిన తర్వాత మార్చారు, అప్పటికి నెల ముగియవచ్చింది.

మా ప్రాంతంలో ఇలాంటి సంగతులు మాట్లాడితే, ‘మన దగ్గర అట్లాంటి భేదాలేం లేవమ్మా’ అంటారు. నిజమే, కాజీపేట దర్గా ఉర్సుకు అందరూ వస్తారు, మా ఊళ్లో పీరీలను ఎత్తుకునేవారిలో హిందువులే ఎక్కువ. అది మా గొప్పదనమని నేనూ నమ్ముతాను. కానీ పండుగ నాడు ఒక రోజు కలిసి నడవడం వేరు, ఒకే పొయ్యి, ఒకే నల్లా, ఒకే నిద్ర వేళలు నెల రోజులు పంచుకోవడం వేరు. రెండోదానికి మంచి మనసుతోపాటు లెక్క, వేళ, తాళంచెవి కావాలి.

ఆ నెలలో రెండు పండుగలు మా రోజాలతో కలిశాయి. మార్చి 14న హోలీ శుక్రవారం వచ్చింది. ముందు రోజు రాత్రే ఆంటీ అందరికీ చెప్పారు: రంగులు వాకిట్లోనే, పదకొండున్నర దాకా, అడగకుండా ఎవరి మీదా చల్లవద్దు. మేం మెట్ల మీద కూర్చుని చూస్తుంటే, మాలో ఒకామె తానే దిగి వెళ్లి చెంప చూపించి కొద్దిగా గులాల్ రాయించుకుని వచ్చి, ముఖం కడుక్కుని జొహర్‌కు (మధ్యాహ్నపు నమాజు) నిలబడింది. ఉగాది మార్చి 30న, మా ఆఖరి రోజా నాడు. ఆ పొద్దున ఊరి నుంచి తిరిగి వచ్చిన ఆంటీ వేపపూత, మామిడికాయ, కొత్త చింతపండు, బెల్లంతో పచ్చడి కలిపారు. సాయంత్రం ఆరున్నరకు మేం ఖర్జూరంతో రోజా విప్పుతుండగా, ఫ్రిజ్‌లో నుంచి మూత పెట్టిన స్టీలు గిన్నె తెచ్చి మధ్యలో పెట్టి, ‘దేవునికి పెట్టకముందే తీసిపెట్టిన బిడ్డా, మీకు పట్టింపుంటదేమో అని’ అన్నారు. ప్రసాదం ముట్టని చెల్లె ఒకతె మాలో ఉంది, ఆ సంగతి ఆమె ఎప్పుడూ పైకి చెప్పలేదు. ఆ గిన్నె ముందుగా తన వైపు లాక్కున్నది ఆమే. మరునాడే ఈదు, ఇళ్లకు వెళ్లిన మేం షీర్ ఖుర్మా డబ్బాలతో తిరిగి వచ్చాం.

మే నెలలో ఖాళీ చేసేటప్పుడు నేను ఆంటీతో కూర్చుని 2026 క్యాలెండరు లెక్క వేశాను. శివరాత్రి ఫిబ్రవరి 15న వస్తుందని, రంజాన్ ఆ తర్వాత నాలుగైదు రోజుల్లోనే మొదలవుతుందని తేలింది. శివరాత్రి గేటు వేళ, సహర్ తాళంచెవి, శనివారం ఒక్కపొద్దుల వాళ్ల గరిటె, ఈ మూడూ కలిపి ఒకే కాగితం మీద అచ్చు వేయించి భోజనం వేళల పక్కన అంటిస్తానని ఆమె మాట ఇచ్చారు, ఏమేం రాయాలో నాతోనే రాయించుకున్నారు. నా తర్వాత చేరేవాళ్లు గది చూసే ముందు ఆ గోడ దగ్గరికి వెళ్లి, ఆ కాగితం ఉందో లేదో చూడండి.